పాతపట్నం పలక మీద పొగ

పొగబండి వస్తాది, పొద్దెక్కినాది,
ఉప్పుమడి దాటింది, ఊసేటి తెచ్చె?
గట్టు మీద నిలుసున్న గౌరమ్మ పిల్లా...

ఆ తరవాత ఇంకో చరణం ఉంది. పొందూరులో దూది ఏకుతూ మా అమ్మ పాడేది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఆవిడకి దగ్గొచ్చేది, దూది నూగు మరి. అంచేత నాకూ అక్కడివరకే వచ్చు. చీపురుపల్లి రైల్వే క్వార్టర్స్‌లో పొద్దున్నే వాకిలి ఊడుస్తూ ఆ మూడు చరణాలే తిప్పి తిప్పి పాడుకునేదాన్ని. పక్కింటి నీలవేణి అరుగు మీంచి కేకేసేది.

"అప్పా, రోజూ ఆ పిల్లని గట్టు మీద నిలబెట్టి ఒగ్గేస్తావేటి? నాలుగోది పాడు!"

"నీకొస్తే నువ్వే పాడు."

"నాకు పాటలు రావు. తిట్లు వచ్చు."

నిజమే. నీలవేణి తిట్లు స్టేషనుదాకా వినిపించేవి. వాళ్లాయన జగన్నాధం స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పచ్చి కట్టెలు పొయ్యిలోకి తోసి, పొగ ఇల్లంతా కమ్ముకుంటే ఆ పొగనీ తిట్టేది, కట్టెలనీ తిట్టేది, తెచ్చిన జగన్నాధాన్నీ తిట్టేది. ఆయన నవ్వుతూ డ్యూటీకి పోయేవాడు. మనసు మాత్రం వెన్న.

మా ఆయన సూరయ్య రైల్వేలో వడ్రంగి మేస్త్రి. స్టేషను బల్లలు, గేటు కర్రలు, కిటికీ రెక్కలు అన్నీ ఆయన చేతి మీదుగానే బాగయ్యేవి. దేశం వదిలిపోతూ ఒక దొర ఆయన చేతిలో ఒక బొమ్మ ఇంజను పెట్టి వెళ్లాడట. తాళం చెవి తిప్పితే నడిచేది. వెనక మూడు పెట్టెలు. పట్టాలు మాత్రం లేవు. పాత పంచెలో చుట్టి ట్రంకు పెట్టెలో ఇరవై ఏళ్లు దాచాడు. అరవై ఆరులో ఒకనాడు దాన్ని తీసి తుడిచి, "ఒలే తాయారూ, దీనికి దారి ఏస్తాను" అన్నాడు.

దారంటే మన లైనే. చీపురుపల్లి నుంచి మొదలుపెట్టి పొందూరు, దూసి, అలా. ఒక్కటిగా చేస్తే మా గుమ్మంలోంచి పట్టదు, ఇంట్లో ఇరకదు. అందుకని పలకలుగా చెయ్యాలన్నాడు. రెండు మూరల పొడుగు, మూరెడు వెడల్పు, మంచం కిందకి పోయేలాగ. ఏ పలకకైనా ఒక కొసన రెండు చెక్క మేకులు, రెండో కొసన రెండు బెజ్జాలు, పట్టాలు సరిగ్గా నడిమధ్య. ఎవరి పలక ఎవరి పలక పక్కన పెట్టినా అతకాలి. ఆదివారం అందరూ తమ తమ పలకలు మోసుకొచ్చి స్టేషను వెనక షెడ్డులో కలుపుకోవాలి. అదీ ఆయన ఏర్పాటు.

ఇంకో షరతు కూడా పెట్టాడు. "సూసినోళ్లే కట్టాల. ఇన్నోళ్లు కట్టకూడదు. ఎవులి ఊరు ఆలే కట్టాల."

చీపురుపల్లి జగన్నాధం కట్టాడు, పుట్టి పెరిగిన ఊరు కనక. పొందూరు నాకొచ్చింది. దూసి పలక, గార్డుగారి ఇంట్లో పాచిపని చేసే దానమ్మకి. ఉప్పు మళ్ల నౌపడా బుల్లమ్మకి, అంటే ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వారానికి రెండుసార్లు రైలు దిగే ఆ బుల్లమ్మకే.

సామాను పెట్టెలకి బిగించే ఇనప బద్దీలు పట్టాలయ్యాయి. వెదురు బద్దలు అడ్డ చెక్కలు. కంకర దంచి, నూకలు జల్లించినట్టు జల్లించి పోశాం. కొండకి వెదురు బుట్ట బోర్లించి, గంజిలో ముంచిన గోనెపట్టా కప్పి, మీద పుట్టమన్ను పామాం. బీరపీచు చెట్లయింది. చీపురుపుల్లలు తంతి స్తంభాలు. చింతపిక్కలు ఉడికించి తీసిన జిగురు అన్నిటికీ. స్టేషను పేర్లు రాయమని ఆయన నాకు సన్న కుంచె ఇచ్చాడు. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి, ఒక్క అక్షరం రాదు. ఆయన సుద్దతో నేల మీద రాస్తే నేను చూసి దిద్దేదాన్ని. నేను చదవగలిగిన మొదటి మాట పొందూరు.

దానమ్మ చేసిన పనికి ఇప్పటికీ నవ్వొస్తుంది. మేస్త్రి ఇచ్చిన కొలకర్ర ఇంట్లో ఎక్కడో పడేసి, "కర్రెందుకు, సెయ్యి నేదా" అని తన మూరతో కొలిచి చెక్క కోయించింది. దానమ్మ పొట్టి మనిషి. షెడ్డులో కొలిచి వేసిన బల్లల మీద కలిపి చూస్తే దూసి నాలుగు వేళ్లు తక్కువొచ్చింది, నౌపడా అందలేదు.

"నీ మూరకి నాగావళి ఏరు సగం ఎండిపోయిందే!" అన్నాడు మా ఆయన.

"మీ మూర పెద్దదైతే నా తప్పేటి మేస్త్రిగారూ? దేవుడు నాకు ఇంతే సెయ్యిచ్చినాడు."

చివరికి నాలుగు వేళ్ల ముక్క ఒకటి చేసి మధ్యలో ఇరికించాం. దానమ్మ ముక్క అని దానికి పేరు.

ఆషాఢంలో ఒక పొద్దున్న మంచం కింద ఊడుస్తుంటే చీపురు తడిసింది. పలక బయటికి లాగితే పొందూరు మీద వాన పడుతోంది. సన్నటి జల్లు. బీరపీచు చెట్ల మీంచి బొట్లు కారుతున్నాయి. మా వాకిట్లో చూస్తే ఎండ పేలిపోతోంది.

"మావా, పొందూరులో వాన పడతన్నాది," అని చెప్పాను.

"పడనీ, సేలకి మంచిది. కింద గోనె పరుసు, నేల నానిపోతాది."

మధ్యాహ్నం పొందూరు మీంచి వచ్చిన పాసింజరు గార్డు తడిసిన గొడుగు దులుపుకుంటూ దిగాడు. అంతే. ఆ తరవాత దూసి పలక మీద నాగావళికని పరిచిన గాజుపెంకుల మధ్య నీళ్లు పారడం మొదలెట్టాయి. దానమ్మ ఆ పలక కింద ఒక సత్తుగిన్నె పెట్టుకుంది. నౌపడా మళ్లలో ఉప్పు తేలింది. బుల్లమ్మ చిటికెడు తీసి గంజిలో వేసుకుని, "మా ఊరి ఉప్పు మా ఊరి ఉప్పేనప్పా" అని లొట్టలేసేది. పొద్దున్నా సాయంత్రం ఇళ్ల కప్పుల మీంచి వెంట్రుకంత పొగలు లేచేవి. ధాన్యం బళ్లవాళ్లు బయల్దేరే ముందు మా గుమ్మం దగ్గర ఆగి, "దూసి కాడ రేవు దాటొచ్చేటి, ఓపాలి సూసి సెప్పమ్మా" అని అడిగిపోయేవారు. నేను దానమ్మ ఇంటికి పోయి, పలక దగ్గర దీపం పెట్టి చూసొచ్చి చెప్పేదాన్ని.

ఇంక నౌపడా దగ్గర పెద్ద రైలు దిగి చిన్న రైలెక్కితే పాతపట్నం. చిన్న లైనూ వెయ్యాలని మా ఆయన పట్టు. క్వార్టర్స్ మొత్తంలో పాతపట్నం మనిషి ఒక్క నీలవేణే.

"నాకేటి గుర్తు నేదు," అనేసింది.

"పదిహేడేళ్లు పెరిగిన ఊరు గుర్తు నేదా?"

"నేదు మేస్త్రిగారూ. పన్నెండేళ్లయ్యింది. గుర్తు నేదంటే నేదు."

ఆవిడకి అమ్మ లేదని, పిన్ని ఇంటి నుంచి పెళ్లయిందని నాకు తెలుసు. తండ్రి మాటెత్తితే లేచి వెళ్లిపోయేది. మా ఆయన మాత్రం ఊరుకోలేదు. పలక చేసి, మేకులు కొట్టి, వాళ్ల అరుగు మీద పెట్టొచ్చాడు. నెల్లాళ్లు దాని మీద అప్పడాలు ఎండబెట్టింది. తరవాత ఏమనుకుందో, ఒకనాడు పుట్టమన్ను కలిపింది. కొండలు కట్టింది. మహేంద్రతనయ ఏటి పాయ పెట్టింది. గుడి గోపురం, సంతబజారు, చింతపండు కొట్లు, చిన్న రైలు స్టేషను. చెయ్యి ఎంత నేర్పు! సంతలో తట్టలు కూడా ఆవగింజంత చేసింది. పేరు నేను రాశాను.

కాని ఆ పలక బతకలేదు.

వానాకాలమంతా చూశాం. పొందూరు తడిసింది, దూసి పొంగింది. పాతపట్నం ఎండు చెక్కలాగ ఉండిపోయింది. పాతపట్నం నుంచి వచ్చినవాళ్లని అడిగితే అక్కడ కుండపోతన్నారు. పలక మీద చినుకు లేదు, మంచు లేదు, ఒక్క ఇంటి మీంచి పొగ లేదు.

మా ఆయన వంగి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఏదో ఒదిలీసినావు, బొట్టీ."

"ఏటీ ఒదల్నేదు!"

"ఒదలనోళ్ల పలక తడుస్తాది. నీది తడవనేదు. నాను సెప్పడం కాదు, అదే సెప్తన్నాది."

నీలవేణి పలక చంకన పెట్టుకుని విసురుగా వెళ్లిపోయింది. రెండు ఆదివారాలు షెడ్డుకి రాలేదు. తిట్లు కూడా వినిపించలేదు. అది చూసి నాకు భయమేసింది. మజ్జిగ చెంబు పట్టుకుని వెళ్లాను. పలక ముందర కూర్చుని ఉంది. చేతిలో మట్టిముద్ద ఊరికే నలుపుతోంది. పక్కన కూర్చుని బీరపీచు తుంపుతున్నాను.

"మా అయ్య గేటుమాన్, అప్పా," అంది ఉన్నట్టుండి. "అసిరయ్య గేటంటే ఇప్పటికీ అందరికీ ఎరికే. గేటు పక్కనే మా తాటాకుల ఇల్లు. అమ్మకి సేలో పాము కరిసినాది. నాటుబండిలో ఏసుకుని ఆసుపత్రికి బయల్దేరినాం. ఆసుపత్రి గేటు అవతల. అప్పటికే గంట కొట్టీసినారు, అయ్య గేటేసీసినాడు. రైలుబండి కూతేసింది గాని రాదు. ఎత్తు కాడ ఆవిరి సాల్నేదంట. మనిషి నడిసినంత సేపు కూడా నడవదు కదా అది, తియ్యి అయ్యా అని ఏడ్సినాను. తియ్యనేదు. గేటు కింద నుంచి ఎత్తుకుపోదావంటే అమ్మ భారీ మనిషి. బండి తోలేవోడు ముసలోడు. అయ్య ఒక్క సెయ్యేస్తే ఎత్తుదుము. అయ్య జెండా ఒగ్గనేదు."

మట్టిముద్ద చేతిలో పిండి అయిపోయింది.

"అమ్మ నా ఒళ్లోనే పోయింది. తరవాత బండెల్లింది. అప్పుడు తీసినాడు గేటు. ఎవులికోసం తీసినట్టప్పా? ఆ మాటే అడిగీసి పొందూరు పిన్ని కాడికి వచ్చీసినాను. మరెల్లనేదు."

"ఇల్లు ఎక్కడుండేదో సెప్పు. నాను కడతాను," అన్నాను.

నా వంక కోపంగా చూసింది. "నువ్వు సూసినావేటి? సూసినోళ్లే కట్టాల."

అని, తనే కట్టింది. గోరంత ఇల్లు. ఈతాకు చీల్చి కప్పు నేసింది. వెనక మునగచెట్టు. ముందు గేటు, రెండు చీపురుపుల్లలకి ఎరుపూ తెలుపూ రంగులేసి. మూసిన గేటే పెట్టింది. చింతపిక్కల జిగురుతో కదలకుండా అతికించేసింది.

మర్నాడు పొద్దున్న పాతపట్నం మీద మంచు పడింది.

ఆ సాయంత్రం ఇళ్ల మీద పొగలు లేచాయి. అందరివీ లేచాక, దీపాల వేళకి, గేటు పక్క ఇంటి మీంచి సన్నగా ఒక పొగ లేచింది. నీలవేణి చూసింది. చూడనట్టు లేచి బియ్యం చేటలో పోసుకుంది.

అప్పటి నుంచి ఆవిడకి తండ్రి సంగతి పొగతోనే తెలిసేది. పొద్దున్న పొగ ఉండదు, చద్దన్నం తింటాడన్న మాట. సాయంత్రం ఒక్కసారి. నేను వాళ్లింటికి పోతే చేట చెరుగుతూ పలక వంక ఓరగా చూసి సణుగుతుండేది.

"ఇంత ఆలీసంగా వండుకుంటే ఆ వయసులో ఎప్పుడు తింటాడు, ఎప్పుడరుగుతాది?"

"ఎవరే?"

"ఎవులో ఒకలు. నీకెందుకు?"

ఒకనాడు పొగ తొందరగా ఆగిపోతే, "అన్నం ఉడకనేదు. పలుకు మీద దించీసినాడు. పళ్లేటి ఉన్నాయని?" అని ఆవిడ కూడా ఆ రోజు సరిగా తినలేదు. జగన్నాధం నాతో గుసగుసగా అన్నాడు, "మా మావగారు నాకన్నా అదృష్టవంతుడు తాయారప్పా. తిట్లు తింటున్నాడు గాని ఇనబడవు."

ఏడాది గడిచింది. అరవై ఎనిమిది కార్తీకం. ఒక సాయంత్రం ఆ ఇంటి మీంచి పొగ లేవలేదు.

"ఏకాదశేమో," అన్నాను.

"మా అయ్య ఏకాదశి ఉండడు."

రెండో రోజు లేవలేదు. సంతబజారు ఇళ్లన్నిటి మీదా పొగలు. గేటు పక్కన మాత్రం ఏమీ లేదు. మునగచెట్టు ఆకు రాల్చింది, మెతుకులంత ఆకులు కప్పు మీద పడి ఉన్నాయి, తీసినవాళ్లు లేరు. నీలవేణి అరుగు మీద పలక ముందు కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. మా ఇంటినుంచి అన్నం పట్టుకెళితే అలాగే ఉంది.

జగన్నాధం డ్యూటీ నుంచి వచ్చి చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. "పాసు రాయించీసినాను. రేపు పొద్దున్న పాసింజరు."

"నానెల్లను."

"ఎల్లకపోతే మానీ. కాగితం ఉంచు."

"ఆ గేటు నాకు తియ్యనేదు మావా. నానెలాగ దాటుతాను?"

మా ఆయన నోట్లో చుట్ట ఆరిపోయింది. మూడో రోజు తెల్లారి నేను వాకిలి ఊడుస్తుంటే నీలవేణి అరుగు మీద వంగి ఉంది. చేతిలో సూది. సూదిమొన వేడినీళ్లలో ముంచి, గేటుకి అతికిన జిగురు గీకుతోంది. చీపురుపుల్ల విరిగిపోకుండా, ఊపిరి బిగబట్టి. ఎంతసేపు పట్టిందో. ఆఖరికి గేటు పైకి లేచింది. లేచి నిలబడింది.

"అప్పా, ఈ పలక నువ్వు తీసుకుపో. సూస్తుండు," అని నా చేతుల్లో పెట్టి, తలకి ఇంత నూనె రాసుకుని పాసింజరెక్కింది.

ఆ రోజంతా మా ఇంట్లో పని సాగలేదు. పలక కిటికీ దగ్గర పెట్టుకున్నాను. మా ఆయన రెండుసార్లు పని వదిలి వచ్చాడు. దానమ్మ వచ్చింది. బుల్లమ్మ గంప దించి, రైలు ఒగ్గేసుకుని మరీ కూర్చుంది. మధ్యాహ్నానికి నౌపడా చేరి ఉంటుంది. చిన్న రైలు ఎక్కి ఉంటుంది. పొద్దు వాలింది. సంతబజారు మీద పొగలు లేచాయి. గేటు పక్కన లేదు.

"చిన్న రైలు ఎత్తు కాడ ఆగిపోయుంటాది," అన్నాడు జగన్నాధం.

మరికొంచెం సేపు. అప్పుడు ఈతాకుల కప్పు మీంచి లేచిందమ్మా పొగ. సన్నగా కాదు. దట్టంగా, నల్లగా, సుళ్లు తిరుగుతూ, గుడి గోపురం కూడా కనబడకుండా. మా గదంతా పచ్చి కట్టె వాసనేసింది.

"మా నీలవేణే!" అని జగన్నాధం చేతులతో మొహం కప్పుకున్నాడు. "పచ్చి కట్టెలు తోసీసింది!"

బుల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ముసలాయన ఏ రోగానికి సస్తాడో నేదో, ఆ పొగకి మాత్రం సస్తాడు" అంది. అందరం నవ్వాం.

తరవాత నీలవేణి వచ్చినప్పుడు చెప్పింది. జ్వరంతో తండ్రి మూడు రోజులుగా మంచం దిగలేదు. నీళ్లకుండ ఖాళీ. ఆవిడ గుమ్మంలో నిలబడితే కళ్లు తెరవకుండానే అడిగాడట.

"బండెల్లిపోయిందేటే?"

"ఎల్లిపోయింది అయ్యా. గేటు తీసీసినాను."

"మరి రా," అన్నాడట. అంతే. ఆనాటి మాట ఇద్దరూ మరి ఎత్తలేదు.

జావ తాగి, కషాయాలు తాగి లేచాడు. చీపురుపల్లి రమ్మంటే రాలేదు. నీలవేణే నెలకి పది రోజులు అక్కడ, ఇరవై రోజులు ఇక్కడ. పలక సంగతి చెబితే అసిరయ్య ఆశ్చర్యపోలేదు గాని కోపపడ్డాడట. "నా పొయ్యి పొగ లెక్కెట్టుకుంటూ కూకున్నారా? మీకు పని నేదేటి?" అన్నాడట. అన్నాడే గాని, నీలవేణి ఇక్కడున్న రోజుల్లో పొద్దున్న కూడా ఆ ఇంటి మీద పొగ లేవడం మొదలెట్టింది. వంట పొగ కాదది. పచ్చి కొబ్బరిమట్ట ఏదో పొయ్యిలో పెట్టి కావాలని పొగబెట్టేవాడు. నీలవేణి అరుగు మీంచి, "సూసినానులే, సాలు, కళ్లు మండుతాయి" అని పలకతో చెప్పేది. ఆశ్చర్యం, అప్పుడు ఆగేది.

అలా ఏడాది పైన నడిచింది. అరవై తొమ్మిది ఆఖర్న, చలికాలం, నీలవేణి అక్కడే ఉంది. పలక నా దగ్గరుంది. ఒక పొద్దున్న ఆ ఇంటి మీద పొగ లేచి, మధ్యాహ్నమైనా ఆగలేదు. సాయంత్రమైనా ఆగలేదు. దట్టంగా కాదు, సన్నగా, నిలకడగా, తంతి కర్రలాగ నిలువుగా. నేను కిటికీ దగ్గరే కూర్చున్నాను. పలక ముట్టుకుంటే పొయ్యి గట్టు మీద చెయ్యి ఆనించినట్టు వెచ్చగా ఉంది. ఏదో అయిందని తెలిసింది గాని, పొగ ఉంది కదా అని గుండె చిక్కబట్టుకున్నాను.

పదో రోజు కర్మ వెళ్లాక తిరిగొచ్చింది నీలవేణి. నా పక్కన కూర్చుని, పలక ఒళ్లో పెట్టుకుని, గేటు వేలితో నిమురుతూ చెప్పింది. ఆ పొద్దున్న జావ కాస్తుంటే తండ్రి మంచం మీంచి పిలిచాడట. ఊపిరి అందడం లేదు. పొయ్యి ఒదిలేసి పరిగెత్తబోయింది. రావద్దని చెయ్యెత్తాడు, జెండా ఎత్తినట్టు.

"పొయ్యి ఆరనీకే, అమ్మా," అన్నాడట. "నానెల్లిపోయినాక కూడా ఆరనీకు. అక్కడ తాయారమ్మ సూస్తంటాది, బెంగెట్టుకుంటాది."